బావ తరఫున నొక్కిన బటన్

మా అక్క ఉండే అపార్ట్‌మెంట్ కింద, లిఫ్టు గోడని ఆనుకుని నా సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. కొట్టు అనడం కొంచెం పెద్ద మాటే. ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. ఇద్దరు కస్టమర్లు ఒకేసారి వస్తే ఒకరు బయట వానలో నిలబడాలి. దేవుడి దయవల్ల ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

కంప్యూటర్ల గురించి నాకు నేర్పినవాళ్ళెవరూ లేరు. వీడియోలు చూసి నేర్చుకున్నాను, అదీ వేగం పెంచి. అందుకే నాకు అన్నీ సగం సగం తెలుసు. మా ఇంట్లో మిగతావాళ్ళకి ఆ సగం కూడా తెలీదు కాబట్టి నన్ను మేధావుల్లో జమకట్టారు. నేను కాదనలేదు. కాదనడానికి మనసు రావాలి కదా.

బావ లిఫ్టు మెకానిక్. ఈ బిల్డింగులో కటకటాల తలుపున్న పాత లిఫ్టు ఆయన చేతిలోనే ఉండేది. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే గ్రీజు వాసనొస్తుంది. దాచుకున్నదంతా క్రిప్టోలో పెడతానని ఓ రోజు నా దగ్గరికొచ్చాడు. ఇంక నా సంబరం చూడాలి.

"పూర్వం పద్దు ఒక్క గుమస్తా చేతిలో ఉండేది బావా. వాడు దిద్దితే దిద్దినట్టే. క్రిప్టో లెక్క ఉండే బ్లాక్‌చెయిన్ అలా కాదు. ఒకే పద్దు వేల కంప్యూటర్లలో ఉంటుంది. ఒకసారి అందులో పడిన మాట బ్రహ్మదేవుడొచ్చినా చెరపలేడు."

"తప్పు పడితే?"

"తప్పూ చెరగదు."

"హమ్మ్," అన్నాడు.

"మొదట్లో దానికి డబ్బు ఇటునుంచి అటు పంపడమే వచ్చేది. ఇప్పుడు షరతులు కూడా నేర్పారు. ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి అని రాసిపెడితే చాలు, సాక్షులూ లాయర్లూ లేకుండా అదే చేసేస్తుంది."

"లిఫ్టులాంటిదన్నమాట. బటన్ నొక్కితే వస్తుంది. నొక్కిందెవరని అడగదు."

నేను నవ్వాను. అంత తెలివైన మాట నాకు తట్టనందుకు కొంచెం మండింది కూడా.

షరతు రాశాం. నెలకోసారి బావ తన దగ్గరున్న చిన్న పరికరంలో బటన్ నొక్కాలి. నొక్కాడంటే మనిషి బతికే ఉన్నట్టు. నెల దాటినా నొక్కలేదంటే డబ్బంతా దానంతటదే అక్క ఖాతాకి వెళ్ళిపోవాలి. నొక్కినప్పుడల్లా చెయిన్‌లో ఒక మాట పడుతుంది. ఏ మాట పెట్టమంటావని అడిగాను.

"ఉన్నాను అని పెట్టు," అన్నాడు బావ. "లిఫ్టు గోతిలో పని చేసేటప్పుడు అరుస్తాం కదా, ఉన్నానోయ్ అని. పైనవాడు వింటేనే బండి కదపకుండా ఉంటాడు."

అలాగే పెట్టాను. షరతులో ఏదైనా మార్చాలంటే మాత్రం బటన్ చాలదు, పన్నెండు మాటల తాళం కావాలి. దాని గురించి నా సలహా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎక్కడా రాయకు బావా. కాగితం పోతుంది, ఫోన్ పోతుంది. తల ఎక్కడికి పోతుంది?"

కిందటి చలికాలంలో ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకున్న బావ మళ్ళీ లేవలేదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక నేను కొట్లో కూర్చుని, అక్కకి డబ్బు ఎప్పుడు చేరుతుందో చూద్దామని ఆ షరతు తెరిచాను. అక్క ఖాతా చిరునామా ఉండాల్సిన చోట ఇంకో చిరునామా ఉంది. ఎప్పుడో ప్రయోగాల కోసం తెరిచి, తాళం మాటలు పారేసుకున్న నా పాత క్రిప్టో ఖాతాది. కాపీ కొట్టి అతికించేటప్పుడు ఒకదాని బదులు ఇంకోటి అతికించాను. చూడ్డానికి రెండూ పిల్లి కీబోర్డు మీద నడిచినట్టే ఉంటాయి మరి. పిల్లిని అనడమెందుకు, నడిచింది నేనే.

గడువు దాటితే, బావ జీవితమంతా గోతుల్లో దిగి సంపాదించింది ఎవరూ తెరవలేని పెట్టెలో పడుతుంది. మార్చాలంటే పన్నెండు మాటలు కావాలి. అవి ఉన్న తల ఇప్పుడు లేదు.

అక్కకి చెప్పాలి. చెబుదామనే లేచాను. మెట్లు చూసి ఆగాను. పరికరం నా సొరుగులోనే ఉంది, రిపేరుకని బావ ఇచ్చింది. బటన్ నొక్కాను.

ఉన్నాను.

వేల కంప్యూటర్లు నమ్మాయి. నేనొక్కణ్ణే నమ్మలేదు. ఈలోగా ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నాను. నాలాంటివాళ్ళకి దారులన్నీ ఈలోగానే ఉంటాయి.

ఆ సాయంత్రమే గోడ అవతల లిఫ్టు దిగింది. తీగ కిర్రుమంటూ, నెమ్మదిగా. కింద ఆగింది. తలంటు పోసినట్టు గ్రీజు వాసన. తొంగి చూశాను. లోపల బల్బు వెలుగుతోంది. మనిషి లేడు.

తర్వాత అదే అలవాటైపోయింది. నేను నెలనెలా నొక్కడం, అది వేళాపాళా లేకుండా తిరగడం. కొత్త మెకానిక్కొచ్చి అంతా విప్పి చూశాడు.

"లిఫ్టులో ఏ లోపమూ లేదండీ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఎవరో పిలుస్తున్నారు. పిలవకుండా అదెందుకొస్తుంది?"

నేను పరికరమున్న సొరుగు మెల్లిగా మూసేశాను.

అక్క బట్టలు కుడుతుంది. తను అద్దెకి తీసుకున్న కుట్టు గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఈ నెలాఖరుకి నువ్వు కొంటావా, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యనా అంటున్నాడు. బావ డబ్బు వస్తే కొనొచ్చు. అక్క వచ్చినప్పుడల్లా అడిగేది.

"ఏరా మేధావీ, ఇంకా రాలేదా?"

"బ్లాక్‌చెయిన్‌లో ట్రాఫిక్ ఎక్కువగా ఉందక్కా."

"ఎడ్లబండి కట్టుకుని వెళ్ళినా ఈపాటికి వచ్చేసేవాడివి."

ఒకసారి నా ముందే ఆమెకి ఫోనొచ్చింది. లిఫ్టు తీగలు అమ్మే దుకాణం వాళ్ళు బావ కోసం అడుగుతున్నారు. "ఆయన లేరండీ," అంది అక్క. అవతలివాడు ఎప్పుడొస్తారని అడిగాడు. అక్క ఫోన్ పెట్టేసి, దాన్నే చూస్తూ కూర్చుంది. నేను ఎవరిదో పగిలిన ఫోన్ అద్దాన్ని మరింత శ్రద్ధగా పగలగొట్టాను.

నెలాఖరొచ్చింది. సాయంత్రం ఏడింటికి బటన్ గడువు. అప్పటికే వాన పట్టుకుంది. పొద్దు గుంకకుండానే చీకటి పడింది. కరెంటు పోయింది. నేను సెల్ లైటు వెలుగులో, బటన్ మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను.

గోడ అవతల చప్పుడు.

టంగ్… టంగ్…

రెంచీతో ఇనప పట్టా మీద కొట్టినట్టు. గోతిలో దిగే ముందు బావ అలాగే కొట్టేవాడు. నేను వేలు తీయలేదు. నొక్కనూ లేదు. తడిసిన ఇనుము వాసన. దాని వెనకే గ్రీజు. గోడకి ఆనించిన నా భుజం చల్లబడింది. ఆ చల్లదనం మెల్లిగా పైకి పాకి… నా చెవి ఎత్తున ఆగింది.

"ఒరేయ్…"

నేను భుజం వెనక్కి లాక్కున్నాను.

"పిలవకురా…"

నేను ధైర్యవంతుణ్ణి కాను. బల్ల కింద దూరాను. ఆ బల్ల కింద నేను పట్టనని అప్పుడే తెలిసింది. భయపడే సగం లోపలా, భయపెట్టించుకునే సగం బయటా ఉండిపోయాం. అక్కణ్ణుంచే గుసగుసగా అన్నాను. "బావా… అక్క గది పోతుంది బావా. ఆ పన్నెండు మాటలు చెప్పెయ్. ఇంకెప్పుడూ పిలవను."

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చచ్చిన మనిషి పిలవొద్దని బతిమాలుకుంటుంటే, నేను పాస్‌వర్డు అడిగాను.

గోడ అవతల పెద్ద నిట్టూర్పు. అంతే. ఇంకేం లేదు.

పరికరం పట్టుకుని మెట్లెక్కాను. మా బిల్డింగులో మెట్లు లిఫ్టు చుట్టూ తిరుగుతాయి. కటకటాల్లోంచి గొయ్యి కనిపిస్తుంది. నేను ఎక్కుతుంటే పక్కనే నల్లటి పెట్టె ఒకటి నాతోపాటు పైకొస్తోంది. నేను ఆగితే ఆగింది. కదిలితే కదిలింది.

కరెంటు లేదు.

లిఫ్టు నడుస్తోంది.

అటు చూడలేదు. చూస్తే అటునుంచీ చూస్తారనిపించింది. గోడ పట్టుకుని, చిన్నప్పటి ఎక్కాలు తప్పుల్తో సహా చదువుకుంటూ పై అంతస్తు చేరాను. అక్క కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏంట్రా, దెయ్యం పట్టినవాడిలా?"

"అక్కా, బావ డబ్బు నీకు రాదు."

"మళ్ళీ ట్రాఫిక్కా?"

"కాదు. నీ చిరునామా బదులు నేను వేరేది అతికించాను. అటు వెళితే ఇంకెవరికీ రాదు. అది వెళ్ళకుండా ఉండాలని… ఇన్నాళ్ళూ బావ ఉన్నట్టు నేనే నొక్కుతున్నాను."

ఆమె కొవ్వొత్తి వైపు చూసింది. మైనం చేతి మీద పడుతున్నా కదలలేదు.

"అందుకా," అంది చివరికి. "లిఫ్టు వచ్చి గుమ్మం ముందాగుతుంది. నేను తలుపు తీసి నిలబడతాను. ఎవరూ దిగరు. నాకు పిచ్చెక్కిందనుకున్నానురా. ఎవరికీ చెప్పుకోలేక చచ్చాను."

"అక్కా…"

"డబ్బుకి తాళం వేశావంటే సరే. మనిషికి కూడా వేశావా?"

వెనక లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. కటకటాల వెనక చీకట్లోంచి ఏదో మొహానికి తగిలింది… గాలి కాదు. ఊపిరి.

"ఇప్పుడు నొక్కకపోతే?" అంది అక్క చిన్నగా.

"డబ్బు పోతుంది. గదీ పోతుంది."

"నొక్కితే?"

ఇద్దరం లిఫ్టు వైపు చూశాం.

"నువ్వూ వద్దు, నేనూ వద్దు," అంది. "ఆయన్నే అడుగుదాం."

కటకటాల దగ్గరికి వెళ్ళింది. జారిన కొంగు సర్దుకుంది. బావ పని నుంచి వచ్చినప్పుడు పిలిచే గొంతుతోనే పిలిచింది.

"ఏవండీ… ఉన్నారా?"

తీగ ఒకసారి మూలిగింది. ఎక్కడో నీటి బొట్టు పడింది. చాలాసేపు… చాలాసేపు తర్వాత…

"లేను."

బావ గొంతే. నాకు నవ్వొచ్చింది. లేని మనిషి లేనని చెప్పడమేంటని. నవ్వబోతే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

అక్క మాత్రం తలూపింది, దుకాణంవాడు సరుకు లేదన్నప్పుడు ఊపినట్టు. "సరే. వెళ్ళండి. వీడింక పిలవడు."

నా చేతిలోంచి పరికరం లాక్కుని గడపకీ లిఫ్టుకీ మధ్య సందులోంచి వదిలేసింది. చెవులు రిక్కించాను. అది అడుగున పడ్డ చప్పుడు రాలేదు. ఏడయింది. లిఫ్టు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. కిందకి, ఇంకా కిందకి. ఈ బిల్డింగుకి ఉన్న లోతు కంటే ఎక్కువసేపే దిగింది.

తెల్లారాక కొత్త మెకానిక్ గోతిలో దిగి పరికరం తెచ్చిచ్చాడు. చిప్పు రెండుగా విరిగింది. బ్యాటరీ ఎటో పోయింది.

"డబ్బులు పోయాయా?" అంది అక్క.

"పోయాయి," అన్నాను.

"పోనీలే. నీ కొట్టు అమ్మి కట్టమందామంటే దానికొచ్చేది చిల్లర." కుట్టుమిషన్ని హాల్లోకి తెచ్చుకుంది. కుట్టు గది వేరేవాళ్ళు కొనుక్కున్నారు. ఇప్పుడు లిఫ్టు ఆమె గుమ్మం ముందు ఊరికే ఆగడం లేదట. నిద్ర పడుతోందని చెప్పింది, నా ముఖం మీద తిట్టు పడకుండా ఒక పూట గడిచింది.

నేను పోయాయని చూసి చెప్పలేదు. చెప్పాక చూశాను.

డబ్బు పోలేదు. అలాగే ఉంది. గడువు మరో నెల ముందుకు జరిగింది. సరిగ్గా ఏడింటికి, పరికరం గోతిలో పడ్డాక, చెయిన్‌లో ఇంకో వరస చేరింది. కింద బావ సంతకం, ఆ విరిగిన పరికరం తప్ప ఇంకేదీ పెట్టలేనిది. అన్నీ సరిపోయాయి. వేల కంప్యూటర్లు ఒప్పుకున్నాయి.

అక్కకి ఇది చెప్పలేదు. చెప్పాలంటే బావ అబద్ధమాడాడనైనా చెప్పాలి, లేదా ఆయన వెళ్ళిపోయాక ఆ పేరుతో ఇంకేదో పలుకుతోందని చెప్పాలి. రెండింట్లో ఏది తక్కువ పాపమో తేలడం లేదు. రోజూ పొద్దున్నే మెట్లెక్కుతాను. ఆమె మిషన్ మీద వంచిన తల చూసి దిగొచ్చేస్తాను.

ఆ షరతు రాసింది నేను. ఒకసారి రాశాక నేను కూడా మార్చలేను. బటన్ నొక్కితే పడడానికి దాంట్లో ఒక్క మాటే పెట్టాను. ఇంకో మాట దానికి రాదు. పై వరసలన్నింట్లో ఆ మాటే ఉంది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

చివరి వరసని రోజూ తెరిచి చూస్తున్నాను, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాను.

ఉన్నాం అని ఉంది.