బరువంతా వేసి నిలబడండి

"బరువంతా వేసి నిలబడండి," అంది ఆ అమ్మాయి.

ఎంత సులువుగా అనేసిందో! కటింగ్ మాస్టర్ తన కాళ్ల కింది మెత్తటి ఫోమ్ పెట్టెను చూశాడు. తర్వాత ఆ అమ్మాయిని చూశాడు. ప్రాణం ఉసూరుమంది.

రోజంతా బల్ల ముందు నిలబడి బట్ట కత్తిరించే పని, దానికి తోడు భారీ మనిషి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో సూది దిగినట్టుండేది. షాపులోనే కాజాలు కుట్టే వాళ్లక్క పోరు పెట్టి ఈ పాదాల క్లినిక్‌కి తరిమింది. బూట్లలో వేసుకునే ఇన్‌సోల్స్ చేసే మనిషి ఇంత చక్కగా ఉంటుందని మాత్రం చెప్పలేదు!

"ఎంత లోతు దిగితే అంత లావని తెలిసిపోతుందా అండీ?"

"మీ లావుతో నాకేం పని? అచ్చు సరిగ్గా పడాలి, అంతే."

ఆమె వంగి పాదాలు చూస్తుండగా, మనవాడు వెనక్కి చెయ్యి పెట్టి బల్ల అంచు పట్టుకున్నాడు. సగం బరువు బల్లకి అప్పగించి హాయిగా నవ్వాడు.

ఆ ఇన్‌సోల్స్‌తో నొప్పి తగ్గకపోగా పెరిగింది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అచ్చు, మళ్లీ బల్ల అంచు. రెండో జతా అంతే. అయినా ఆమెను ఇంకోసారి చూడొచ్చని లోలోపల సంబరపడ్డాడు.

ఓ మధ్యాహ్నం చినుకుల్లో ఆమే షాపుకొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"రోజంతా మీరెలా నిలబడతారో చూద్దామని వచ్చాను. ఈసారీ కుదరకపోతే నన్ను ఈ పని మాన్పించి రిసెప్షన్‌లో కూర్చోబెడతారట మా మేడమ్. నాకు ఇష్టమైన పని ఇదొక్కటే."

అతను చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాడు. ఏదో అనబోయేలోపు ప్యాంటు కొలతలకి ఓ పెద్దాయన వచ్చి, టేపు చూడగానే పొట్ట లోపలికి పీల్చాడు. అలవాటుగా నోరు జారింది.

"ఊపిరి వదలండి బాబాయ్! బిగబట్టి కొలతలిస్తే కూర్చోగానే గుండీ ఊడుతుంది. అప్పుడు నాకు పని రాదంటారు!"

ఆమె నవ్వింది. "పాపం, మీకూ ఇదే బాధా?"

ఆ జాలికి అతనికి తల కొట్టేసినట్టయింది. ఇక దాచలేకపోయాడు.

"మీ పనిలో లోపం లేదండీ. అచ్చు తీసినప్పుడు నేనే బల్ల పట్టుకున్నాను. రెండుసార్లూ."

"ఎందుకు?"

"మీకు లావుగా కనబడకూడదని."

"ఎదురుగానే ఉన్నారుగా! కనబడక ఎక్కడికి పోతారు?"

బాబాయ్ పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బరువు పడితే పాదం వంపు దిగుతుంది, పాదం సాగుతుంది, మడమ కింది మెత్తదనం అణిగిపోతుంది. ఆ పాదానికి కదా నేను ఆసరా ఇవ్వాలి! మీరు ఎవరో సన్నటి మనిషి పాదం ఇచ్చారు. నేను నా చేతుల్నే అనుమానించుకున్నాను."

గొడుగు మర్చిపోయి తడుస్తూనే వెళ్లిపోయింది.

మర్నాడు అతను ఆ గొడుగు పట్టుకుని తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, అందరి ముందూ జరిగింది చెప్పేశాడు. ఆ తర్వాత ఫోమ్ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాదాలు బాగా లోతుగా దిగాయి.

"ఇదీ పాదమంటే!" ఆమె మొహం వెలిగిపోయింది. "కాస్త బరువు తగ్గితే మడమకి ఇంకా సుఖం. ముందు నొప్పి తగ్గనివ్వండి, మెల్లగా నడుద్దురుగాని."

ఈ జత కుదిరింది. పొద్దుటి సూదిపోటు మెల్లమెల్లగా తగ్గింది. సాయంత్రాలు నడక మొదలుపెట్టాడు. ఆమె ఇంటికెళ్లే దారిలోనే ఎందుకు నడుస్తున్నాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఓరోజు ఆమె కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. భుజాల మీద టేపు పెట్టిన కటింగ్ మాస్టర్ ఆగిపోయాడు.

"ఊపిరి వదలండి. మీకు పొట్టెక్కడుందని బిగబట్టారు?"

"పొట్ట కోసం కాదు," అంది తల వంచుకుని. "మీరింత దగ్గరగా నిలబడితే ఎలా వదలమంటారు?"

టేపు చేతిలోంచి జారిపోయింది. కాజాల దగ్గర్నుంచి అక్క తలెత్తకుండానే కేకేసింది.

"ఆ టేపు తియ్యరా తమ్ముడూ! మనింటికొచ్చే పిల్ల, కొలత తప్పిందో, ఊరుకోను!"