గాలికి ఎవరూ తెలీదు

నిశ్చయిని బిళ్లను వదిన కణతకు అంటించి, మీట నొక్కే ముందు దేవదానం మరోసారి అడిగాడు.

"ఇష్టంతోనే గదా వదినా?"

"ఇష్టమేంది? ఇది లేకపోతే నీ తోటలో చోటీయనంటివి," అంది సువార్తమ్మ. ఆమె ఒళ్లో చేట, చేటలో చింతపండు. గింజలు తీయడం ఆపలేదు. "కానీయ్ అయ్యగారూ. పులుసు పెట్టుకోవాలి."

"పేరేమో సువార్త. మాటలేమో ఇట్టాంటివి."

"పేరు మా నాయన పెట్టాడు. నన్నడిగాడా?"

రెల్లుపాలెంలో దేవుణ్ణి నమ్మని మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. నిశ్చయిని రాకముందు నమ్మకం ప్రసంగం వల్లో, కష్టం వల్లో, ఒక్కోసారి అత్తగారి వల్లో వచ్చేది. ఇప్పుడు గంటలో వస్తోంది. పరికరం ఎవరినీ బలవంతపెట్టదు. మెదడు ఎక్కడ ఒప్పుకుంటుందో, ఎక్కడ మొరాయిస్తుందో చదువుతుంది. ఒకరికి లేఖనం వినిపిస్తుంది, ఒకరికి తర్కం చెబుతుంది, ఒకరికి వాళ్ల జ్ఞాపకాన్నే తిరిగి చూపిస్తుంది. కాదనడానికి ఉన్న కారణాలను ఒక్కొక్కటిగా తీసేస్తుంది. ఏదీ మిగలనప్పుడు బిళ్ల మీద పచ్చదీపం వెలుగుతుంది. నటిస్తే వెలగదు. వెలిగింది ఆరినట్టు ఎక్కడా దాఖలా లేదు. అందుకే సంఘాలు పెళ్లికీ, సభ్యత్వానికీ, సమాధుల తోటలో చోటుకీ పచ్చదీపం ఉండాలన్నాయి. రెల్లుపాలెంలో ఆ నియమం పెట్టించింది పాస్టరు దేవదానమే.

సువార్తమ్మకు మూత్రపిండాలు పోయాయి. క్రిస్మస్ దాకా అన్నారు డాక్టర్లు. తోటలో హెప్సిబా సమాధి పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. ఆమెకు కావలసింది అది.

హెప్సిబా ఆమె కూతురు. తొమ్మిదో ఏట తుఫానులో పోయింది. ఆ రోజు ఊరంతా చర్చిలో తలదాచుకుంది. ప్రార్థన జరుగుతుండగా కప్పు ఒక మూల కూలింది. ఆ మూలన ఆ పిల్ల ఒక్కతే ఉంది. మిగతా అందరూ బతికారు. ఏటా ఆ తేదీన చర్చిలో కృతజ్ఞతారాధన జరుగుతుంది. "ఆయన మన మీద చెయ్యి అడ్డుపెట్టాడు," అని దేవదానం సాక్ష్యం చెబుతాడు. మైకులో ఆ మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది.

సువార్తమ్మ ఎన్నడూ ఆ ఆరాధనకు వెళ్లలేదు. కోపంతో కాదు. ఆమె హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి. కూలిన మూలకు వెళ్లి, రేకుల మేకులు చేత్తో పట్టి చూసింది. తుప్పు. "మేకు తుప్పు పట్టింది, గాలి వీచింది. గాలికి ఎవరూ తెలీదు," అనేది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట మీదే అన్నం తింది, పాఠాలు చెప్పింది. ఏటా సమాధుల పండుగకు ముందురోజు కూతురి సమాధికి సున్నం వేసింది. రేపే పండుగ. గుమ్మం పక్కన బకెట్టులో సున్నం నానుతోంది.

దేవదానం మీట నొక్కాడు.

కాసేపు ఆమె నవ్వుకుంది. తరువాత పరికరంలోంచి తనకు మాత్రమే వినిపించే గొంతుతో వాదించింది. ఏళ్ల తరబడి భోజనాల దగ్గర దేవదానంతో వాదించినట్టే. ఆ వాదాల్లో అతను ఒక్కసారీ గెలవలేదు. "అది సరే... ఊఁ... కాదు, ఆగు... అవును, దానికి జవాబు లేదు." చింతగింజ పట్టుకున్న వేళ్లు ఆగాయి.

పచ్చదీపం వెలిగింది.

దేవదానం మోకాళ్ల మీద కూలబడ్డాడు. "స్తోత్రం! వదినా, ఉన్నాడా?"

"ఉన్నాడు," అంది ఆమె, బోర్డు మీద లెక్క తేల్చినట్టు. "ఎంత తేలికయ్యా! ఇన్నేళ్లూ ఎట్టా తప్పానో."

"ఇంక ఆ చోటు నీదే. పాప పక్కనే."

ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆ రోజు కూడా ఉన్నాడా?"

"ఏ రోజు?"

"కప్పు పడ్డ రోజు."

"ఆయన లేని రోజు లేదు వదినా."

"చూస్తానే ఉన్నాడా?"

"చూస్తానే..."

"ఏటా మైకులో చెప్తంటే పిచ్చోడివనుకున్నా. నిజమే చెప్పావు. చెయ్యి అడ్డుపెట్టాడు. నీకు పెట్టాడు, ఆ తాగుబోతు ఇస్సాకుకి పెట్టాడు. దానికి పెట్టలా."

"ఆయన ఉద్దేశాలు మనకు..."

"గాలికి దాని పేరు తెలీదు. ఈయనకు తెలుసు."

ఆమె కణత మీది బిళ్ల పీకి అతని చేతిలో పెట్టింది.

"వెనక్కి తీసెయ్. చోటొద్దు నాకు."

"తీయడానికి లేదు వదినా."

సువార్తమ్మ కళ్లు మూసుకుంది. "మేకు తుప్పు పట్టింది," అంది. "గాలి వీచింది." ఆ తరువాతి మాట కోసం నోరు తెరిచింది. రాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పి చూసింది. అక్కడే ఆగిపోయింది. దేవదానం చేతిలో దీపం పచ్చగానే ఉంది.

ఆమె లేచి సున్నం బకెట్టును కాలవలో కుమ్మరించింది. తలుపు వెనక నుంచి గునపం తీసింది.

"యాడికి?"

"తోటకి. ఆయన చోట్లో దాన్ని ఉండనీయను."

"వదినా, వద్దు! ఊరు చూస్తుంది!"

"చూడనీ. నువ్వూ రా. నీ మీద చెయ్యి అడ్డుపెట్టాడుగా, ఆయన మిగిల్చిన చేతుల్తో ఒక పట్టు పట్టు."

ఆమె వీధిలోకి దిగింది. దేవదానం వెనకే పరుగెత్తాడు. బిళ్ల అతని చేతిలోనే ఉంది. పచ్చదీపం చూసి అరుగుల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు. "వందనాలు టీచరమ్మా!" అని ఒకామె గట్టిగా అంది. "ఉన్నాడా మరి?"

"ఉన్నాడమ్మా," అంది సువార్తమ్మ, నడక ఆపకుండా. "పిల్లని తెచ్చుకోటానికే పోతన్నా."