వంకర జడ

"ఎవరు వేశారు వదినా ఆ జడ? చెప్పు! మా అమ్మకి ఆ జడ ఎవరు వేశారు?"

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా ఆడపడుచు అడిగిన ప్రశ్నకి ఆ ఇంటి కోడలి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అత్తగారిని నర్సింగ్ హోమ్‌లో చేర్చిన ఈ నాలుగు నెలల్లో ఆడపడుచు పొరుగూరి నుంచి వచ్చి చూడడం ఇదే మొదటిసారి. చూసి తిన్నగా ఇక్కడికే వచ్చింది. ఇక ఊరుకుంటుందా!

"పాపిడి ఒక పక్కకి, జడ ఇంకో పక్కకి! స్వెటర్ గుండీలు ఒకదాని బదులు ఒకటి! ఒళ్ళో రొట్టె ముక్కలు... వీధిలో సగం మంది ఆడపిల్లలకి జడలేసి బడికి పంపిన మనిషి వదినా మా అమ్మ! ఆవిడ తల అలా చూడాల్సొస్తుందని కల్లో కూడా అనుకోలేదు. నీకు చాతకాకపోతే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా... తీసుకెళ్ళి అలా పారేస్తావా!"

పారేస్తావా! ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? పక్షవాతంతో కుడివైపు పడిపోయి, మాట కూడా కరువైన అత్తగారిని రెండేళ్ళు ఒంటిచేత్తో సాకిన మనిషి ఆ కోడలు. పళ్ళు తోమింది, ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, ముద్ద ముద్దా నోటికి అందించింది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తీ ఎత్తీ చివరికి తన నడుమే పోగొట్టుకుంది. "ఇంకొక్కసారి ఆవిణ్ణి ఎత్తారంటే, మిమ్మల్ని ఎత్తడానికి ఇంకొకరు కావాలి" అని డాక్టరు తెగేసి చెప్పాకే, గుండె రాయి చేసుకుని ఆ నర్సింగ్ హోమ్‌కి ఒప్పుకుంది. ఆ రోజు నుంచీ తనూ మంచానికే అతుక్కుపోయింది. లేచి నాలుగడుగులు వేస్తున్నది ఈమధ్యే. అత్తగారి సంగతులన్నీ ఫోన్‌లో వినడమే... "బాగున్నారండీ" అనేవాళ్ళు అక్కడివాళ్ళు. నమ్మింది పాపం!

ఆడపడుచు చెడ్డది కాదమ్మా, నోరే పెద్దది. పెద్ద హోటల్లో గదులు సర్దేవాళ్ళ మీద సూపర్‌వైజరు. దుప్పటి మీద ఒక్క ముడత కనబడితే పక్కంతా తీయించి మళ్ళీ వేయించే రకం. ఎవరింటికెళ్ళినా ముందు కిటికీ అంచు మీద వేలితో రాసి చూసుకుంటుంది, ఆ తర్వాతే కుశల ప్రశ్నలు!

"దారిలో ఇంకో చోటు కూడా చూసొచ్చా. అద్దంలా ఉంది! ముసలాళ్ళందరూ కడిగిన ముత్యాల్లా ఉన్నారు. రేపు పొద్దున్నే చెప్పాపెట్టకుండా వెళ్ళి అమ్మని అక్కడికి మార్చేస్తా. నువ్వూ రా, నీ కళ్ళతో చూద్దువుగాని!"

కోడలు భర్త వైపు చూసింది. ఆయన బస్సు డ్రైవరు. ఊళ్ళో అందర్నీ చేరవలసిన చోటికి చేరుస్తాడు కానీ, ఇంట్లో మాత్రం ఒక్క మాట పెదవి దాటదు. తల్లిని అక్కడ దింపి వచ్చాక ఆయన మళ్ళీ అటు వెళ్ళలేదు... వెళ్ళలేకపోయాడు. ఇప్పుడూ తల దించుకుని గోడనున్న చొక్కా తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

'ఒకవేళ నిజమేనేమో... పట్టించుకోవడం లేదేమో!' అనుకుంది కోడలు. నిజమే అయితే ఆ అద్దాల మేడా వద్దు, ఏదీ వద్దు. నడుం పోతే పోయింది, అత్తగారిని ఇంటికే తెచ్చుకుంటుంది!

మర్నాడు పొద్దున వాళ్ళు అడుగుపెట్టేసరికి నర్సింగ్ హోమ్‌లో పలహారాల వేళ. హాల్లో ఒక పెద్దాయన వణికే చేతుల్తో కూజా ఎత్తి తన గ్లాసులో నీళ్ళు తనే పోసుకుంటున్నాడు. సగం గ్లాసులో, సగం బల్ల మీద! పక్కనున్న ఆయమ్మ బల్ల తుడిచిందే తప్ప కూజా లాక్కోలేదు. "చూశావా నిర్వాకం!" అని ఆడపడుచు వదిన మోచెయ్యి పొడిచింది.

అత్తగారి గదిలో అంతకంటే ఘోరం! ఆవిడ మంచం అంచున కూర్చుని జడ భుజం మీంచి ముందుకేసుకుని అవస్థపడుతోంది. ఎదురుగా స్టూలు మీద ఇంకో ఆయమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది.

"చోద్యం చూస్తున్నావా తల్లీ? ఆ మాత్రం జడ వెయ్యలేవూ?" ఆడపడుచు గభాలున వెళ్ళి తల్లి జడ అందుకోబోయింది.

చెళ్ళున చేతిమీద దెబ్బ పడింది!

"ఆ...గు!" అంది అత్తగారు.

ఇంట్లో ఉన్న రెండేళ్ళూ 'ఊ', 'ఊహూ' తప్ప ఎరగని నోరు!

"అయ్యో, మీరూ దెబ్బ తిన్నారా!" ఆయమ్మ నవ్వేసింది. "మాకిది రోజూ ఉండేదేనండీ. వచ్చిన కొత్తలో 'నేను వెయ్యనా, మీరే వేసుకుంటారా' అని అడిగానా... ఎడంచేత్తో దువ్వెన లాగేసుకున్నారు! అప్పట్నుంచీ ఒరిగిపోకుండా చూసుకుంటూ పక్కన కూర్చోడమే నా పని. గుండీ తప్పు పడిందమ్మా అంటే 'ఉండనీ' అంటారు."

అప్పుడు చూసింది కోడలు... ఆ కుడిచెయ్యి! తను రోజూ తుడిచి దిండు మీద బొమ్మలా పడుకోబెట్టిన చెయ్యి! ఇప్పుడు దాని వేళ్ళు ఒక పాయని పట్టుకున్నాయి. జారిపోతే మళ్ళీ పట్టుకుంటున్నాయి.

అయినా సేవ చేసిన మనిషికి ఎక్కడ చూడాలో తెలుసు. దగ్గరికెళ్ళి స్వెటర్ వెనక ఎత్తి నడుం చూసింది. పాదాలు ఎత్తి మడమలు తడిమింది. గోళ్ళు చూసింది. ఎక్కడా ఒరిపిడి లేదు, పుండు లేదు! దుప్పటి దగ్గర ముక్కు పెడితే ఎండలో ఆరిన గుడ్డ వాసన. ఇంతకంటే ఏం కావాలి? సంతోషించాలిగా... మరి ఈ ఏడుపెందుకొస్తోంది!

"నేనే... నేనే మిమ్మల్ని కదలనివ్వలేదా అత్తయ్యా? అన్నీ నేనే చేసేసి..." అంటూ మంచం పక్కన కూలబడిపోయింది.

అత్తగారు తల అడ్డంగా ఊపింది. ఒక్కో మాటా కూడదీసుకుంది.

"అప్పుడు... చచ్చిపోదామనుకున్నా. నువ్వు... చావనిచ్చావా? ముద్ద పెట్టావు. నా కూతురు కూడా... అంత చెయ్యలేదే." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు బతికించావు గనకే... ఇవాళ జడేసుకోవాలనిపిస్తోంది!"

ఆడపడుచు మొహం తిప్పేసుకుంది. "నిన్న చూసిన చోట... అందరి జడలూ ఒక్కలాగే ఉన్నాయి వదినా. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ తల తిప్పి నన్ను చూడలేదు. నేను దాన్ని శుభ్రం అనుకున్నాను..." అలవాటుకొద్దీ ఆవిడ చెయ్యి దుప్పటి ముడత మీదికి వెళ్ళింది. సరిచెయ్యబోయి ఊరుకుంది. "అమ్మ ఎక్కడికీ రాదు. ఇక్కడే ఉంటుంది. నిన్న నేనన్న మాట... మనసులో పెట్టుకోకు వదినా."

"ఇలా... రా," అని కోడల్ని పిలిచింది అత్తగారు. "తిరిగి... కూర్చో."

కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున తల్లిలేని ఆ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది ఆ చేతులే. ఇన్నేళ్ళకి మళ్ళీ... వెంట్రుకలు చిక్కుపడ్డాయి, లాగాయి, పాయలు జారాయి. కోడలు 'అబ్బా' అనలేదు. ఆయమ్మ, ఆడపడుచు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నారు. జడ పూర్తయ్యేసరికి పలహారం చల్లారిపోయింది.

తిరుగు బస్సులో వెనక సీటావిడ జాలిపడి, "జడ వదులైపోయిందమ్మా, సరిచెయ్యనా?" అంది.

"వద్దండీ!" అంది కోడలు, కొంగుబంగారం ఎవరో లాక్కుంటున్నంత కంగారుగా. పక్కన ఆడపడుచు కళ్ళనీళ్ళతో కిసుక్కున నవ్వింది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ భార్య వీపు మీద ఒక పాయ లావుగా, ఒక పాయ సన్నగా, ఎడమకి తిరిగిపోయిన జడ.

"ఎవరు వేశారు ఆ జడ?" అన్నాడు నవ్వబోతూ.

"మీ అమ్మ. కుడిచెయ్యి కూడా కలిపి వేసిందండీ!"

ఆయన మెల్లిగా వచ్చి ఆ జడ కొస రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. "రేపు... రేపు నేనూ వస్తా," అన్నాడు కళ్ళు తుడుచుకుని.

ఆ రాత్రి ఆమె జడ విప్పకుండానే పడుకుంది.