బిళ్ళ లేని గన్నేరు

ఉదయం ఆరున్నర. మంగళగిరిలో హైవే పక్కనున్న ఇంట్లో డయానా మంచం మీద చచ్చిపడి ఉంది. దిండంతా వాంతి. తల దగ్గర స్టీలు గ్లాసు, దాని అడుగున పచ్చటి పిప్పి.

ఎస్సై ఛాయాదేవి పిప్పిలోంచి నలగని ఆకుముక్క ఒకటి తీసింది. సన్నటి కోలాకు. హైవే డివైడర్ నిండా పూసే గన్నేరే. ఆ విషం సంగతి ఇక్కడ తెలియనిదెవరికి?

డయానాకు మెడలో కేన్సర్ గడ్డలు. ఆర్నెల్లుగా చెల్లెలు ఏంజెల్ దగ్గరుండి చాకిరీ చేస్తోంది. భర్త జయపాల్ రాత్రంతా విజయవాడ రైల్వే యార్డులో డ్యూటీలో ఉన్నాడు.

బిళ్ళ గన్నేరు కేన్సర్‌కి మంచిదని అక్కకెవరో చెప్పారని ఏంజెల్ ఏడుస్తూ చెప్పింది. అక్క చెవికి గన్నేరు ఒక్కటే ఎక్కిందట. తెల్లవారుజామున తనే కోసుకొచ్చి, రోట్లో నూరుకుని తాగేసిందట. ఒక్క మాట మింగినందుకు నిండు ప్రాణం పోయిందని వీధి వీధంతా నొచ్చుకుంది.

ఛాయాదేవి మాత్రం శవం మీది నైటీనే చూస్తోంది. గుండీలన్నీ తీసేసి, ముందు భాగం మూసి కుట్టేశారు. దండెం మీది నైటీలూ అంతే. ఆమె బయటికెళ్ళి ఆసుపత్రి డాక్టర్‌కి ఫోన్ చేసింది. తిరిగొచ్చి ఏంజెల్ ఎదుట కూర్చుంది.

"నైటీలు ఎవరు కుట్టారమ్మా?"

"నేనేనండి."

"ఎందుకు?"

"అక్క వేళ్ళు మొద్దుబారిపోయాయి. గుండీ పట్టు దొరికేది కాదు."

"గుండీ పట్టలేని వేళ్ళు ఆకు కోశాయా? రోకలి పట్టాయా?"

ఏంజెల్ దండెం మీది నైటీల వైపు చూసింది.

ఛాయాదేవి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆసుపత్రిలో ఎక్కించిన మందులో బిళ్ళ గన్నేరు సారమే ఉందని చెప్పింది. అది కేన్సర్ కణాన్ని రెండుగా చీలనివ్వదు. వేళ్ళ నరాలు మొద్దుబారింది దానివల్లే.

"మందు పనిచేసింది. స్కాన్‌లో గడ్డలు లేవని డాక్టర్ నిన్న ఇంటికి ఫోన్ చేశారు. ఎత్తింది నువ్వు. ఎవరికైనా చెప్పావా?"

డ్యూటీ దిగి వచ్చిన జయపాల్ గుమ్మంలో గోడకి జారగిలబడిపోయాడు. అతనికి ఆ మాట చేరనేలేదు.

"తను పోతే బావని చేసుకోమని అక్కే బైబిల్ మీద ఒట్టు వేయించుకుందండి. ఆర్నెల్లు మలమూత్రాలు ఎత్తాను. ఆయన నావాడే అనుకుని ఎత్తాను. ఇప్పుడు బతుకుతానంటే నేనేమైపోవాలి?"

"తాగేటప్పుడు ఏమంది?"

"చేదుగా ఉందంది. బతకాలంటే తాగాలక్కా అన్నాను." ఏంజెల్ తన చేతుల్ని చూసుకుంది. "గ్లాసు పట్టుకోలేదు కదండి. నేనే పట్టి తాగించాను. చుక్క వదల్లేదు."