పాత బండి డ్రమ్ములు

చేపల పెట్టెలు వ్యాన్‌లోకి ఎక్కించేసరికి బాగా తెల్లారింది. అప్పలరాజు చేతులు కడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్క సీట్లో స్కూలు బ్యాగుతో కూతురు ఆశాజ్యోతి. దారిలో దాన్ని బడి దగ్గర దింపి గాజువాక మార్కెట్‌కి వెళ్ళడం రోజూ ఉన్నదే.

“కొత్త బ్రేకులు ఎలాగున్నాయో సూసి సెప్పు బావా,” అన్నాడు గుమ్మంలో పళ్ళు తోముకుంటున్న మణికంఠ.

“కొత్తయ్యేటి? ఎవడో పారేసినయి గదా!” అప్పలరాజు నవ్వి బండి తీశాడు.

మణికంఠ అతని చెల్లెలు దుర్గ మొగుడు. షెడ్డులో మెకానిక్. పెళ్ళయినప్పటి నుంచి అత్తవారింట్లోనే కాపురం. పెట్టెల నుంచి కారే ఉప్పునీళ్ళకు వ్యాన్ వెనక బ్రేక్ డ్రమ్ములు తుప్పుపట్టి అరిగిపోతే, పాత బళ్ళు విప్పి అమ్మే యార్డులో వెతికి ఓ జత తెచ్చాడు. నిన్న సాయంత్రం తనే బిగించాడు.

వ్యాన్ కొండవాలు దిగుతోంది. ముందు వెళ్తున్న ఆటో హఠాత్తుగా ఆగింది. అప్పలరాజు బ్రేకు తొక్కాడు. వేగం కాస్త తగ్గింది. బండి మాత్రం ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక చక్రాలు పట్టలేదు. ఆటో నిండా మనుషులు. ఎడమకి కోసి, ఇల్లు కడుతున్న చోట పోసిన ఇసుక గుట్టలోకి గుద్దేశాడు.

ఆశాజ్యోతి నుదురు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది.

మధ్యాహ్నానికి బండికి తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టారు. నుదుటి మీద కుట్లతో పిల్ల తల్లి అనూరాధ ఒళ్ళో పడుకుంది. కబురందిన మణికంఠ షెడ్డు నుంచి పరుగున వచ్చాడు.

“పిల్లకెలాగుంది బావా?”

“పిల్ల మాట నువ్వెత్తకు! సచ్చిన బండి సామాను తెచ్చి నా బండికేసి, నా కూతుర్ని సంపబోయావు.”

“డ్రమ్ములు మంచియ్యే బావా. పగుల్లేదు, అరుగుదల్లేదు. కొట్టి సూసే తెచ్చాను.”

“మరి బండెందుకు ఆగనేదు? తొక్కడం నాను మర్సిపోయానా?”

దుర్గ అడ్డు వచ్చింది. “పాతయి సాలన్నది నువ్వే గదా అన్నయ్యా!”

“పాతయి తెమ్మన్నాను, పాడయినయి తెమ్మన్నేదు. ఇంటల్లుడని నెత్తినెట్టుకుంటే ఇదీ బహుమానం! ఈ పూటే మీ సామాన్లు సర్దుకోండి.”

“ఒరే రాజూ, కోపంలో మాట జారకురా,” అంది గుమ్మంలోంచి తల్లి గంగాలమ్మ.

“నువ్వూరుకోమ్మా! పొద్దున్న ఆ ఇసక నేకపోతే ఇయ్యాల ఎవులికి ఏడుద్దువు?”

దుర్గ విసురుగా లోపలికి వెళ్ళింది. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వీధిలోకి వినపడింది.

మణికంఠ చొక్కా చేతులు పైకి మడిచాడు. “ఎల్తాను బావా. కానీ ఇప్పకుండా ఎల్లను. బిగించిన సేత్తోనే ఇప్పి సూడాల.”

జాకీతో బండి ఎత్తి చక్రం తీశాడు. సుత్తితో చుట్టూ తట్టి డ్రమ్మును బయటికి లాగాడు. లోపలికి తొంగిచూసి బిగుసుకుపోయాడు. డ్రమ్మును లోపల్నుంచి ఒత్తి ఆపే బ్రేక్ షూల నిండా నూనె తడి. వేలితో తాకి వాసన చూశాడు. గేర్ ఆయిల్ కాదు, నువ్వుల నూనె. గోటి చివర పసుపు అంటుకుంది.

మెల్లగా తలెత్తి చూశాడు. ఎదురుగా అత్తగారు. ఆమె కళ్ళలో భయం తప్ప మరేమీ లేదు. నూనెకి బ్రేకు పట్టదని ఆమెకు తెలియదు.

మణికంఠ గుడ్డ తీసి గబగబా తుడవడం మొదలుపెట్టాడు.

“ఏటుంది?” అప్పలరాజు వంగాడు.

“సీలు కారింది బావా. నాను సూసుకోనేదు. తప్పు నాదే. మేం ఎల్లిపోతాం.”

పెట్టెతో వచ్చిన దుర్గ అక్కడే నిలబడిపోయింది. గంగాలమ్మ మెట్టు దిగింది. ఆమె చూపు అల్లుడి చేతిలో గుడ్డ మీద ఉంది.

“ఆగు బాబూ. ఎందుకలా తుడిసేత్తన్నావ్?”

“ఏం నేదత్తా, గ్రీజు.”

“గ్రీజు పచ్చగుంటాదా?” గుడ్డ లాక్కుని వాసన చూసింది. “ఇది నాను రాసిందే. నూనికి బ్రేకు పట్టదా బాబూ?”

మణికంఠ తల దించుకున్నాడు. అప్పలరాజు తెల్లబోయాడు. “నువ్వు రాయడమేటమ్మా?”

“నిన్న అల్లుడు ఆటిని కడిగి అరుగు మీదెట్టి బజారుకెల్లాడు. ఏ బండివో, ఏ రోడ్డు మీద ఎవుల్ని పొట్టనెట్టుకున్నాయోనని నా మనసు ఆగనేదు. పడవకి పాత సెక్కేసినా, నూనీ పసుపూ రాసి గంగమ్మ తల్లిని తల్సుకోందే మీ నాన్న నీట్లోకి దించనిచ్చేవోడు కాదు. ఇయ్యీ అంతే అనుకున్నాను. లోపలా బయటా పట్టించి, అల్లుడు నవ్వుతాడేమోనని కొంగుతో తుడిసేసాను. నా మనవరాలెక్కే బండని సేసాన్రా!”

“నిన్న కరెంటు నేదు,” అన్నాడు మణికంఠ. “మసకలో పచ్చగా కనపడితే తుప్పనుకున్నాను. ఇనుం పీల్సుకున్న నూని ఏడికి బయటికొచ్చేసింది. బిగించే ముందు సూసుకోవాల్సింది నానే గదత్తా.”

“తెలిసీ నా కోసం ఇల్లొదిలి పోతానన్నావా?”

“కొడుకు ముందు నువ్వు దోషిలాగ నిలబడతావా? రోజూ నా కంచంలో పెద్ద ముక్కేసేది నువ్వే గదా,” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

గంగాలమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

అప్పలరాజు చెల్లెలి చేతిలో పెట్టె అందుకుని, లోపలికి తీసుకెళ్ళి మంచం కిందికి తోసి వచ్చాడు. బావమరిది పక్కన గొంతుకూర్చున్నాడు.

“రెండో సక్రం నానిప్పుతాను బావా. ఏం సెయ్యాలో సెప్పు.”

“షూలు పనికిరావు. డ్రమ్ములు పెట్రోలుతో కడిగి బాగా ఆరబెడితే సాలు.”

“ఇంత మాటన్నాను. ఎదురు ఒక్క మాటనేదేం రా?”

“నీ కూతురికి దెబ్బ తగిలింది గదా బావా.”

సాయంత్రం కొత్త షూలు వేసి చక్రాలు బిగించారు. అప్పలరాజు తాళం మణికంఠ చేతిలో పెట్టి తను వెనక ఎక్కాడు. బండి కదిలేలోగా గంగాలమ్మ ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది.

“దిగమ్మా! ముందు మేం సూసొత్తాం.”

“ఎల్లనీరా. అల్లుడున్నాడు గదా.”

పొద్దున్నటి కొండవాలే. బండి వేగం అందుకుంది. గంగాలమ్మ కళ్ళు మూసుకోలేదు. సగం వాలులో మణికంఠ బ్రేకు తొక్కాడు. బండి గట్టిగా పట్టి ఆగింది. ముందుకు తూలబోయిన ఆమెకు మణికంఠ ఎడమ చెయ్యి అడ్డం పడింది.

“ఆగింది బాబూ, ఆగింది!” ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. అప్పలరాజు వాళ్ళకి చెయ్యెత్తి దండం పెట్టాడు. “ఒక్క నిముసం బాబూ! మాయమ్మ అల్లుడి సెయ్యొదలదు!”