ఎండ మీద కుట్ర

మణికొండలో కారు దిగుతుండగానే ఏజెంట్ అవినాష్ ఛాతీలో తూటా దిగింది. ఒరిగిపోతూ ఫోన్‌లో రెండే మాటలన్నాడు: “మిట్టమధ్యాహ్నం... శాంభవి టవర్స్ టెర్రస్.”

చీఫ్ లింగమూర్తి వెంటనే హేమంత్‌ని పిలిపించాడు.

“హైటెక్ సిటీల టవర్ టవర్‌కీ రూఫ్‌టాప్ సోలార్. ఆ ఇన్వర్టర్లన్నీ ఒక్కపారి బంద్ చేసే పెట్టెను విదేశీ ముఠా పెట్టింది. ఎండ నడినెత్తినుండే పన్నెండుకి అవి ఆగితే కరెంటు లైన్లన్నీ ట్రిప్. శాంభవి టవర్స్ ఎదురుంగున్న దవాఖాన జనరేటర్ కూడా పేల్చేసిండ్రు. అవినాష్ ఆడ వెంటిలేటర్ మీదున్నడు. సమజైందా?”

“అయింది సార్. ముఠాలో మనవాళ్లు?”

“సంయుక్త. ‘నీడెక్కడ?’ అంటే ‘నెత్తి మీద’ అంటది.”

లిఫ్ట్ మెకానిక్ వేషంలో హేమంత్ టెర్రస్ ఎక్కాడు. ఓ మూల పాత చీర మీద ఎవరో పెట్టిన గుమ్మడి వడియాలు. ప్యానెళ్ల పక్కన నల్లకళ్లద్దాలతో సంయుక్త.

“నీడెక్కడ?”

“నెత్తి మీద. ఇక్కడేం లేదండీ. పక్క టవర్ చూడండి.”

ఆమె వెనక ఇద్దరు ప్యానెళ్లు కడుగుతున్నారు. పన్నెండు కావస్తోంది. ప్యానెళ్లు తెల్లారగట్ల కడుగుతారు. కాలే అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలి ఊరుకుంటుంది.

“ఎండలో కడిగే పనోళ్లను ఎక్కడ పట్టారు మేడమ్?”

ఆమె నవ్వు ఆగింది. బకెట్‌లోంచి పిస్టల్ లేచింది. హేమంత్ వైపర్ కర్ర లాక్కుని మొదటివాడి గొంతు మీద కొట్టాడు. లోపల ఏదో విరిగింది. రెండోవాడి తూటా అతని కుడిభుజాన్ని చీల్చింది. హేమంత్ వాడి నడుం పట్టి పిట్టగోడ అవతల పడేశాడు. కింద కారు అలారం మోగింది.

అప్పుడే సంయుక్త కత్తి అతని పిక్కలో దిగింది. వడియాల చీర పక్కనే కూలబడ్డాడు.

“అవినాష్‌ని కాల్చింది నేనేనండీ,” అంది. “ఇక చూస్తూ కూర్చోండి.”

ప్యానెల్ కింద ఉక్కు పెట్టె, దాని మీద మెరుస్తున్న ఎర్ర లైటు. స్కానర్‌కి దొరకకూడదని బ్యాటరీ పెట్టలేదు. పక్కనున్న పలకంత చిన్న ప్యానెలే దానికి ప్రాణం.

హేమంత్ ఎడమచేత్తో చీర కొంగు లాగి, తడి వడియాలతో సహా ఆ ప్యానెల్ మీదికి విసిరాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. చీర లాగబోయిన సంయుక్త కాలు పట్టి గుంజాడు. ఇనుప ఫ్రేముకి ఆమె నుదురు పగిలింది. మళ్లీ లేవలేదు.

పన్నెండు దాటింది. ఎదురుగా దవాఖాన ఏసీలు గుయ్యిమంటూనే ఉన్నాయి.

కాకుల్ని తోలే కర్రతో పైకొచ్చిన మూడో అంతస్తు పార్వతమ్మ నెత్తురు చూసింది, ఆ తర్వాత చీర చూసింది.

“ఏమప్పా! సచ్చేటోళ్లు సస్తారు, నా వడియాలేం జేసినాయి నిన్ను?”

ఫోన్ మోగింది. “అవినాష్ గండం గడిచింది,” అన్నాడు లింగమూర్తి. “అంబులెన్స్ పంపిస్తున్న. ఇంకేమన్న కావాల్నా?”

హేమంత్ పార్వతమ్మ చేతిలో కర్ర వైపు చూశాడు.

“రుబ్బిన మినప్పప్పు సార్. అంబులెన్స్ కన్నా ముందు.”