మూడో పల్స్ తప్పితే

కొంప ముంచింది శత్రువులు కాదు, సొంత బావమరిది. ఆ విషయంలో ఏజెంట్ నైన్‌కి అనుమానమే లేదు. డిపార్ట్‌మెంట్ అంతా ‘జీనియస్’ అని నెత్తిన పెట్టుకున్న ఆ మనిషి ఇచ్చిన లాప్‌టాప్‌తోనే ఇప్పుడతను రిపేరువాడి వేషంలో, కోల్డ్ స్టోరేజ్ ప్లాంటులో అమ్మోనియా ట్యాంకు పక్కన కూర్చున్నాడు.

పొద్దున చీఫ్ బ్రీఫింగ్ నాలుగే ముక్కలు. “విదేశీ ముఠా ట్యాంకు వాల్వ్‌కి తన కంట్రోలర్ తగిలించింది. అది పీకి మన లాప్‌టాప్ పెట్టు. వాల్వ్‌కి మిల్లీసెకనుకో సంకేతం, అదే పల్స్, వెళ్తుండాలి, మూడు తప్పితే వాల్వ్ తెరుచుకుని విషవాయువు షెడ్డంతా కమ్ముతుంది. పంపులతో తోడి ట్యాంకు ఖాళీ చేయడానికి ఇరవై నిమిషాలు, షిఫ్టులో నాలుగు వందల మంది.”

లాప్‌టాప్ తగిలించాడు. పంపులు మొదలయ్యాయి. ఐదో నిమిషంలో స్క్రీన్ మీద పల్స్ గీత ఒక్కసారి ఎర్రబడింది. మిస్ ఒకటి.

“ఒరేయ్, తప్పిందిరా,” అన్నాడు కాలర్‌లోని మైక్‌లో.

“రియల్ టైమ్ కెర్నెల్ బావా అది, క్షణం అటూ ఇటూ కానివ్వని సిస్టమ్,” అన్నాడు బావమరిది చెవిలోని ఇయర్‌ఫోన్‌లో. “ నా టేబుల్ మీద మూడు రోజులు ఆడించా, ఒక్కటీ తప్పలా. నువ్వేదో కెలికుంటావ్. ఏ ప్రోగ్రామూ తెరవకు. దాన్ని ప్రశాంతంగా ఉండనీ.”

చేతులు కట్టుకు కూర్చున్నాడు. పిస్టల్ ఉంది, పెన్నులో మత్తు సూది ఉంది. ఏదీ గీత ఎర్రబడకుండా ఆపదు. పన్నెండో నిమిషంలో మిస్ రెండు.

వెనక హైహీల్స్ చప్పుడు. ఎర్ర కోటు, సెంటు వాసన. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే ‘గులాబి’.

“వాన పడేలా ఉందా?” కోడ్ అడిగాడు.

“గొడుగు ఇంట్లో మరిచా. మావాళ్లు నన్నూ లోపలేసి తాళం పెట్టారు. ఇవాళ్టికి మీ పక్షమే.” స్క్రీన్ చూసింది. “చార్జరేదీ?”

“అక్కర్లేదన్నాడు మా బావమరిది.”

“తన టేబుల్ మీద చార్జర్‌తోనే ఆడించుంటాడు. బ్యాటరీ మీద పని లేకపోతే ప్రాసెసర్ కునుకు తీస్తుంది. అది లేచి కళ్లు నులుముకునేలోగా పల్స్ టైమ్ దాటుతుంది. దానికి అంతూపొంతూ లేని లెక్క ఒకటి అప్పజెప్పాలి.”

“ఆవిణ్ని ముట్టనివ్వకు బావా,” అన్నాడు చెవిలో బావమరిది.

ఎవరిది నిజమో తేల్చుకునే చదువు అతనికి లేదు. ఒకటే తెలుసు: తప్పితే ఆవిడ ఇక్కడే చస్తుంది, వాడు ఏసీ గదిలో టీ తాగుతాడు. పక్కకి జరిగాడు.

ఆవిడ ప్రాసెసర్‌లోని నాలుగు కోర్‌లకీ కోర్‌కొకటి చొప్పున, పల్స్‌కి అడ్డు రాకుండా అన్నిటికన్నా కింది ప్రయారిటీలో, నాలుగు లెక్కలు నడిపించింది. ఫ్యాను హోరెత్తింది. గీత వణికిందే గాని ఎర్రబడలేదు. ట్యాంకు మీటరు మెల్లగా సున్నాకి దిగింది. మూడు సెకన్ల తర్వాత వేడెక్కిన లాప్‌టాప్ గుడ్లు తేలేసింది. వాల్వ్ టప్పున తెరుచుకుంది. వచ్చింది ఘాటైన వాసన, అంతే.

“చూశావా బావా, నా కెర్నెల్ రాయి.”

ఏజెంట్ నైన్ ఇయర్‌ఫోన్ పీకి జేబులో వేసుకున్నాడు. పెళ్లాం మాట కాదనలేక, ఆ రాయిగాడి కంప్యూటర్ చదువు కోసం అతను అమ్ముకున్నది కాలవ కింది ఎకరంముప్పావు.